ఐదో నంబరు సీసా

చేతి గడియారంలో నాలుగూ పది. రాజోలు నుంచి బస్సు నాలుగింటికే రావాలి, రాలేదు. రాకపోతే బాగుండునని ఒకసారి, వచ్చేస్తే ఈ బాధేదో వదిలిపోతుందని ఒకసారి అనుకుంటూ పోలిరాజు రేవులో పడవ అంచు మీద కూర్చున్నాడు. ఒంటి మీద ఇస్త్రీ చొక్కా. ఏట్లోకి వెళ్ళేవాడికి ఇస్త్రీ చొక్కా ఏమిటని రేవులో వలలు బాగుచేసుకుంటున్నవాళ్ళు నవ్వారు కూడా. వేసుకోనంటే సత్యనారాయణమ్మ ఊరుకుందా? "ఆ పిల్ల శాలువా పట్టుకొస్తుంటే మాసిన బనీను మీద కప్పించుకుంటారా? ఫోటోలు తీత్తారంట. కప్పేప్పుడు వంగోకండి, వంగేరంటే మీ మెడ తాబేలు మెడలాగుంటది" అంటూ గుండీలు తనే పెట్టింది. పెళ్ళయిన ముప్పై ఏళ్ళలో పెళ్ళాం చేత గుండీలు పెట్టించుకోవడం ఇదే మొదలు. ఆ వేళ్ళు గుండెల మీద ఆడుతున్నంతసేపూ లోపల కొట్టుకునేది ఆవిడకి తగులుతుందేమోనని ఊపిరి బిగబట్టాడు. ఆవిడకేమీ తెలియదు. తెలియకుండానే అన్నీ చూసింది. బిందె కూడా చూసింది.

బిందె సంగతి ఇప్పుడు వద్దు. పోటు తిరిగింది, నీళ్ళు రేవు మెట్టు మీదకి ఒక్కో వేలెడూ ఎక్కుతున్నాయి, కొబ్బరి డొక్క ఒకటి ఇందాక సముద్రం మొగవైపు పోయింది కాస్తా ఇప్పుడు వెనక్కి వస్తోంది. పౌర్ణమి కదా. పౌర్ణమికీ అమావాస్యకీ ఏట్లో అయిదు చోట్ల అయిదు సీసాలు. ఇవాళా అయిదు సీసాలూ ఐసు పెట్టెలో పెట్టుకునే కూర్చున్నాడు, అలవాటు చొప్పున, మూతల మీద ఆ పిల్ల అంటించిన కాగితం ముక్కలు, ఒకటి, రెండు, మూడు, నాలుగు, అయిదు. అయిదు అనే అంకె మీద చూపు నిలవడం లేదు. పది రోజుల నుంచి ఎక్కడ కనిపించినా అంతే. బస్సు మీద, ఇంటి గుమ్మం మీద, రేషను కార్డులో. ఆఖరికి గడియారంలో కూడా ముల్లు అయిదు మీదకి వస్తే మణికట్టు తిప్పేసుకుంటున్నాడు.

గడియారం ఆ పిల్లే కొనిచ్చింది. సత్యశ్రీ. మలికిపురం అవతల పల్లెలో రైతుల అమ్మాయి, యూనివర్సిటీలో పీహెచ్‌డీ చేస్తోంది, ఏట్లోకి ఉప్పు ఎంతదూరం ఎక్కుతోందో కొలవడం దాని పని. మొదటిరోజు రేవులో నిలబడి, చెప్పులు చేత్తో పట్టుకుని, "పడవ కావాలి బాబాయ్, నెలకి రెండుసార్లు, రెండేళ్ళు" అంటే, పడవ కిరాయికి రెండేళ్ళు అడిగినవాళ్ళని ఎప్పుడూ చూడలేదు కాబట్టి "ఆయ్" అన్నాడు. తరవాత ఏం చెప్పినా ఆయ్ అంటూనే ఉన్నాడు. సీసాని అదే నీళ్ళతో మూడుసార్లు కడగాలి, ఆయ్. మోచెయ్యి లోతున ముంచి, బుడగ లేకుండా నింపి, నీళ్ళలోనే మూత బిగించాలి, ఆయ్. ఏ నిమిషంలో పట్టేరో రాయాలి. దీనికి మాత్రం ఆయ్ అనలేక, పొద్దుని బట్టి చెబుతానన్నాడు. మర్నాడు గడియారం తెచ్చింది. "కిరాయికి మించి డబ్బిస్తే తీసుకోరు కదా, ఇది పనిముట్టు, దీనికి వద్దనకూడదు" అంది. నాలుగో తరగతితో ఆపేసిన చదువు, అంకెలు మాత్రం చక్కగా పడతాయి. ఆరోజు నుంచి ఇవాళ్టిదాకా గంట ఒక్కసారి తప్పు రాయలేదు. వానలో రాశాడు, జ్వరంతో రాశాడు, కాగితం తడవకుండా అరచేతిలో పట్టుకుని రాశాడు. గంట తప్పు రాయనివాడు, నిమిషం తప్పు రాయనివాడు, చోటు తప్పు రాశాడు. అయిదో సీసాకి చోటు అన్న గడిలో "గుడ్డి వంపు" అని పద్నాలుగు నెలలు గుండ్రంగా రాశాడు, ఆ ఏటి వంపులో సీసా ముంచకుండా.

మొదటి నాలుగు నెలలూ ఆ పిల్లే వచ్చి పట్టుకుంది. అప్పుడు అయిదో సీసా ముంచింది గుడ్డి వంపులోనే. ఒకరోజు మధ్యాహ్నం, ఎండకి తువ్వాలు నెత్తిన వేసుకుని, పడవలో ఆకుపచ్చ బకెట్టు మధ్య సీసాలు సర్దుకుంటూ చెప్పింది ఫెలోషిప్ సంగతి. నెలనెలా యూనివర్సిటీ ఇస్తుందట. నెలనెలా అంటే ఆరునెలలకి ఒకసారట, ఈలోపు మెస్సువాళ్ళ దగ్గర మొహం చాటెయ్యడమేనట. రెండేళ్ళకి కమిటీ కూర్చుంటుందట. పని బాగుందంటే ఇంకో మూడేళ్ళు ఇస్తారు, లేదంటే సర్దుకుని రావడమే. "ఈ బకెట్టు మా రూమ్మేటుది బాబాయ్. దానికి ఆపేసేరు. బకెట్టూ మగ్గూ నాకిచ్చేసి వెళ్ళిపోయింది." నవ్వుతూనే చెప్పింది. పోలిరాజు గెడ వేస్తూ బకెట్టు చూశాడు. చేతి పిడి దగ్గర గుడ్డపీలిక కట్టి ఉంది, చెయ్యి ఒరుసుకోకుండా. ఎవరో ఆడపిల్ల, ఎన్నాళ్ళో వాడుకుందామనుకుని కట్టుకున్న పీలిక. తమ నలుగురు అన్నదమ్ముల పడవలూ పోయాయి, వలలు పోయాయి, తుపానుకి ఇల్లే పోయింది, వాటికి ఇంత అనిపించలేదు, ఆ పీలిక మీంచి మాత్రం చూపు తీసుకోలేకపోయాడు.

ఆ తరవాత వచ్చిన నెలలో ఫోను చూసుకుంటూ తల పట్టుకుంది. "ఐదో నంబరు చాలా ఎక్కువొచ్చింది బాబాయ్. ఇంతుంటుందనుకోలేదు." అంతే అంది. రేవు వచ్చేదాకా నీళ్ళకేసి చూస్తూ కూర్చుంది. ఆ మొహం అలా వాడిపోవడం ఎందుకో ఇప్పుడు తెలుసు. పుట్టి పెరిగిన పల్లె, ఉప్పు ఎక్కితే ఏ చెట్టు ముందు పోతుందో తెలిసిన పిల్ల, ఊరి కోసం వాడిపోయింది. అప్పుడు పోలిరాజుకి కనిపించింది ఊరు కాదు, బకెట్టు.

అక్కడే పడింది తప్పు. తనొక్కడి తప్పూ కాదు, చేతులకి పట్టిన అలవాటు. పడవ పోయిన తరవాత, మళ్ళీ ఈ పడవ కొనుక్కునేదాకా, ఆరేళ్ళు రొయ్యల చెరువుల మీద కాపలా ఉన్నాడు. చెరువుకి అనుమతి కావాలంటే నీళ్ళు పరీక్షకి పంపాలి. సీసా చేతికిచ్చి ఆసామి ఒకటే మాట చెప్పేవాడు, "మంచి మూల చూసి పట్టరా పోలీ." మంచి మూల అంటే కాలువ తూము దగ్గర, తీపి నీళ్ళు దిగే చోట. అడుగున నల్లబురద కుళ్ళే మూల జోలికి ఎవరూ పోరు. ఆరేళ్ళలో ఎన్ని సీసాలు నింపాడో, ఒక్కటీ తిరిగి రాలేదు, ఆసామి భుజం తట్టేవాడు. సీసా అనేది పాసవడానికే పుట్టిందనుకున్నాడు. నీళ్ళు పట్టించుకునేవాళ్ళు ఎవరైనా సరే, పైకి చెప్పినా చెప్పకపోయినా, మంచి నీళ్ళు కావాలనే పట్టించుకుంటారు అనుకున్నాడు. ఈ పిల్ల పైకి చెప్పలేని మర్యాదస్తురాలు, అందుకే తల పట్టుకుని కూర్చుంది, మనమే తెలుసుకోవాలి. యూనివర్సిటీలో పాఠాలు చెప్పాల్సివచ్చి రాలేకపోతున్నానని, సీసాలు మీరే పట్టి బస్సులో పంపండని ఫోను చేసినప్పుడు "ఆయ్, మీరేం బెంగెట్టుకోకండమ్మా, నే చూసుకుంటాను" అన్నాడు. చూసుకున్నాడు. ఒకటి నుంచి నాలుగు దాకా చెప్పిన చోటే ముంచాడు. అయిదో సీసా మాత్రం వంపు దాటించి, పైన తూము నోటి దగ్గరకి పడవ పట్టుకెళ్ళి, వెంకటకృష్ణగారి వరిచేల మీంచి దిగే తీపి నీళ్ళతో నింపాడు. మూడుసార్లు కడిగి, బుడగ లేకుండా.

నాలుగూ పాతిక. రోడ్డు మీద ఆటో ఒకటి అరటి గెలలతో పోయింది. బస్సు కాదు.

తూముతోనైనా ఆగలేదు. వేసవిలో కాలువలు కట్టేశారు. తూము ఎండి నోరు తెరుచుకుంది. ఆ అమావాస్యకి అయిదో సీసా పట్టుకుని తూము దగ్గర పడవలో ఎంతసేపు కూర్చున్నాడో. ఒక్కసారి వంపులో ముంచితే సరిపోయేది. కానీ అన్ని నెలలూ మంచిగా వచ్చి ఒక్కసారిగా చెడితే పిల్లని ఏం అడుగుతారో, అసలే కమిటీ దగ్గరపడింది. సగం ఏటి నీళ్ళు పట్టి ఇంటికి తెచ్చాడు. పెరట్లో సత్యనారాయణమ్మ తాగే నీళ్ళ బిందె. ఆ బిందె కోసం ఆవిడ పొద్దున్నే చెరువు గట్లు దాటి పంచాయతీ ట్యాంకు దాకా పోయి వరసలో నిలబడుతుంది, ఇక్కడి పంపులో నీళ్ళు నోట్లో పెట్టలేరు కనక. ఆ బిందె వంచాడు. "తాగే నీళ్ళు సీసాలో పోత్తన్నారేంటండీ?" అంది వెనక నుంచి. "సదువుకునే పిల్లకి" అన్నాడు. పిల్లకి తాగడానికి అనుకుంది కాబోలు, "ఆగండి, పైన తేరుకున్నవి పొయ్యండి, అడుగుయి గసి" అని తనే గ్లాసుతో తేర్చి పోసింది. ఆ గ్లాసు మోత చెవిలో అలాగే ఉంది. ఇంటికొచ్చినవాళ్ళకి ఉప్పునీళ్ళు ఇచ్చి ఎరగని మనిషి, మొగుడి దొంగతనానికి తేట నీళ్ళు ఏరి పోసింది. రెండు నెలలు, నాలుగు సీసాలు.

అంతటితో పోయినా నయమే. పోలేదు. ఆ సీసాలే ఆ పిల్లని నిలబెట్టాయి. అన్నిచోట్లా ఉప్పు పెరుగుతుంటే గుడ్డి వంపులో తగ్గడమేమిటి, నడి వేసవిలో కూడా తగ్గడమేమిటి, ఇలాంటిది ఎవరూ ఎక్కడా చూడలేదని పేపరు రాసింది. కమిటీ మూడేళ్ళు పొడిగించింది. దాని మీద యూనివర్సిటీలో ఎవరో పెద్దాయన పేరున ఇచ్చే ఉత్తమ పరిశోధక విద్యార్థి బహుమతి కూడా ఇచ్చింది. ఆ వీడియో ఆ పిల్ల సత్యనారాయణమ్మ ఫోనుకే పంపింది. పట్టుచీర కట్టుకుని మైకు ముందు నిలబడి, "ఎవరూ నమ్మలేదండీ. కానీ ఐదో నంబరు సీసా పట్టింది మా పోలిరాజు బాబాయ్. గంట తప్పు రాయని మనిషి" అంది. చప్పట్లు. సత్యనారాయణమ్మ వీధి వీధంతా తిప్పి చూపించింది, చూసినవాళ్ళని మళ్ళీ కూర్చోబెట్టి చూపించింది. పోలిరాజు తన పేరు దాకా విని పెరట్లోకి పోయాడు. బిందె మూత మీద కాకి కూర్చుని ఉంది. తోలలేదు.

అప్పటికైనా మంచే జరిగిందిగా అని సర్దిచెప్పుకునేవాడేమో. కానీ పది రోజుల కిందట టీ కొట్టు దగ్గర వెంకటకృష్ణగారు ఎవరితోనో అంటున్నారు, తనని చూసి కాదు, "మా తూముకి తలుపులు పెట్టించండి, పోటుకి ఉప్పు చేలోకి ఎక్కేత్తందని అర్జీ పెట్టేమండి. ఆఫీసులో ఏవన్నారో తెలుసా? యూనివర్సిటీ వాళ్ళ పేపరుంది, అక్కడ నీళ్ళు బాగున్నాయి, మీకు తలుపులెందుకు అన్నారు. బాగుంటే నా కొబ్బరి చెట్లకి ఆకులు పసుపెందుకెక్కేయండి, పసుపుకుంకాలకి పెట్టేనా?" చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వారు. ఆయనా నవ్వారు. పోలిరాజు చేతిలో టీ గ్లాసు అలాగే ఉంది. ఆయన తిరిగి చూసి, "ఏం పోలిరాజూ, నీకేదో సన్మానమంట గదా. మా నీళ్ళ కష్టం కూడా ఓసారి చెప్పు ఆ అమ్మాయికి, నీ మాట ఇంటది" అన్నారు. "ఆయ్" అన్నాడు. ఆయ్ అన్న నోరు ఇంటికి వచ్చేదాకా చేదుగా ఉంది. నడిచి వచ్చే దారిలోనే ఆ చెట్లు. మొవ్వు వాడిపోయిన చెట్టు కింద నిలబడి, పైకి చూడడానికి మెడ ఎత్తలేకపోయాడు. అప్పుడు తెలిసింది, ఆ పిల్లకి కావలసింది మంచి నీళ్ళు కాదు, ఉన్న నీళ్ళు. ఎంత చిన్న సంగతి. నాలుగో తరగతి పిల్లాడు కూడా అడిగి తెలుసుకునే సంగతి. అడగడానికి నోరుండొద్దూ? తన నోట్లో ఆయ్ తప్ప ఏముంది.

నిన్న ఫోను. "వచ్చే నెల కమిటీ వాళ్ళు మిషను పట్టుకొస్తారు బాబాయ్. నీళ్ళలో దింపి వదిలేస్తే గంటగంటకీ అదే రాసుకుంటుంది. మీరే దగ్గరుండి గుడ్డి వంపులో దింపించాలి." సంతోషంతో ఊపిరాడడం లేదు ఆ గొంతుకి. అంటే నెల్లాళ్ళలో బయటపడుతుంది. తను కాదు బయటపడేది. పేపరు మీద తన పేరు లేదు. అబద్ధాలకోరు అనిపించుకునేది ఆ పిల్ల. రాత్రంతా ఒక ఆలోచన చెవి పక్కన దోమలా తిరిగింది. వాళ్ళకేం తెలుసు గుడ్డి వంపెక్కడో, పడవ తనది, గెడ తనది, తూము నోటి దగ్గర లంగరేసి ఇదేనండీ అంటే ఇదే. అనుకున్నాడు. నిజంగానే అనుకున్నాడు, తాడు ఎంత పొడుగు కావాలో కూడా లెక్కేసుకున్నాడు. లెక్కేసుకుంటున్న తనని తను పక్కనుంచి చూసి, దుప్పటి మొహం మీదకి లాక్కున్నాడు, సత్యనారాయణమ్మ చూస్తుందేమోనన్నట్టు.

బస్సు వచ్చింది. నాలుగూ నలభై రెండు.

సత్యశ్రీ ఒక్కర్తే దిగింది. భుజాన సంచీ, చంకలో అద్దాల పెట్టెలో బహుమతి, ఇంకో చేత్తో మడత విప్పని శాలువా. రేవు మెట్లు పరుగున దిగింది. "ఏంటి బాబాయ్, పెళ్ళికొడుకులా ఉన్నారు! పిన్నిగారి పనేనా?" అంది. "ఆయ్" అన్నాడు. "ఇక్కడ కాదు, గుడ్డి వంపులోనే కప్పాలి. సీసా పట్టిన చోటే ఫోటో." పడవెక్కి ముందు బల్ల మీద కూర్చుంది. పోలిరాజు గెడ దింపాడు. అడుగు మెత్తగా దొరికింది. పిల్ల మాట్లాడుతూనే ఉంది, వేదిక మీద కాళ్ళు వణికిన సంగతి, బహుమతి సొమ్ముతో మెస్సు బాకీ తీర్చేసిన సంగతి, పీలిక కట్టిన బకెట్టు ఇంకా దాచుకున్న సంగతి. ఒక్కోటీ గెడ మీద బరువులా పడుతోంది. ఎడమ పక్క మడచెట్లు, కుడి పక్క రొయ్యల చెరువుల్లో నీళ్ళు చిలికే ఏరియేటర్ల మోత, నీటి మీద తన నీడ, ఇస్త్రీ చొక్కాలో ఎవరో పెద్దమనిషి నీడ. తూము ఒడ్డు కనిపించింది. వంపు ఇవతలే. ఇంకో పది గెడలు వేస్తే తూము, వెయ్యకపోతే వంపు. చేతులు వాటంతటవే వెయ్యబోయాయి, పద్నాలుగు నెలల అలవాటు. గెడ బురదలోకి గుచ్చి పడవ ఆపాడు.

ఆ పిల్ల లేచి శాలువా విప్పింది. "వంగండి బాబాయ్." వంగలేదు. సత్యనారాయణమ్మ చెప్పినందుకు కాదు. ఐసు పెట్టె తెరిచి అయిదో సీసా తీశాడు. మూడుసార్లు కడిగాడు. మోచెయ్యి లోతున ముంచాడు, ఇస్త్రీ చేతులు తడిసిపోయాయి, బుడగ లేకుండా నింపి, పైకి తీసి, మూత బిగించకుండా ఆమె ముందుకి చాపాడు.

"నోట్లో వేసి చూడండమ్మా."

నవ్వుతూ చుక్క నాలిక మీద వేసుకుంది. నవ్వు అక్కడే ఆగింది. ఉమ్మేసింది. వంపుకేసి చూసింది, ఒడ్డుకేసి చూసింది, పడవ ఎక్కడుందో కళ్ళతోనే కొలుచుకుంది. "ఇది ఐదో నంబరు చోటే కదా బాబాయ్?"

"ఇదేనండి. మొదట్నించీ ఇదే. నేను పట్టింది ఇక్కడ కాదండి." చెయ్యెత్తి తూము చూపించాడు.

చదువుకున్న పిల్ల, లోపల నెలలన్నీ వెనక్కి తిరిగేస్తున్నట్టుంది. తరవాత చిన్నగా అడిగింది. "కాలువలు కట్టేసిన నెలల్లో?"

"మా బిందెలోయండి."

శాలువా ఆమె చేతుల్లోంచి జారి పడవ అడుగున నీళ్ళలో పడింది. ఇద్దరిలో ఎవరూ తియ్యలేదు. "ఎందుకు బాబాయ్" అంది, అది అడగడంలా లేదు. చెప్పాలని పది రోజులుగా కూడబెట్టుకున్న మాటలన్నీ, చెరువు ఆసామి, మంచి మూల, తల పట్టుకుని కూర్చున్న మధ్యాహ్నం, ఏదీ నోటికి రాలేదు. "బకెట్టు ఎవరికో ఇచ్చేసి మీరూ వెళ్ళిపోతారేమోనని" అన్నాడు. అన్నాక ఆ మాట ఎంత తెలివితక్కువగా ఉందో చెవికి తెలిసింది. ఏట్లోకి దూకేద్దామా అనిపించింది, దూకినా ఈదడం వచ్చు.

సత్యశ్రీ బల్ల మీద కూలబడింది. అద్దాల పెట్టెలో బహుమతి పక్కన ఊగుతోంది. ఏడుస్తుందనుకున్నాడు, తిడుతుందనుకున్నాడు, తిడితే ఆయ్ అందామనుకున్నాడు. "రేపు పొద్దున్నే వెనక్కి పోవాలి. మా గైడు మేడమ్‌గారికి నేనే చెప్పాలి" అంది, తనతో కాదు, నీళ్ళతో. "పేపరు వెనక్కి తీసుకోవాలి. ఇది కూడా ఇచ్చేయాలి." ఆ తరవాత కళ్ళు తుడుచుకుని అతని చేతిలోంచి సీసా తీసుకుంది. మూత బిగించింది. సంచీలోంచి నోటుబుక్కూ పెన్నూ తీసి, గీతలు గీసిన కాగితం మోకాలి మీద పెట్టుకుని, నంబరు గడిలో అయిదు వేసింది, చోటు గడిలో గుడ్డి వంపు అని తనే రాసింది. తల ఎత్తలేదు.

"టైమెంతయింది బాబాయ్?"

పోలిరాజు తడిసిన చెయ్యి పైకెత్తాడు. గడియారం అద్దం మీద ఉప్పునీటి చుక్కలు. చొక్కా కొసతో తుడిచి, ముల్లు అయిదు దాటింది కదా అని ఈసారి మణికట్టు తిప్పుకోకుండా, రెండుసార్లు చూసి, గొంతు సవరించుకుని చెప్పాడు.

"అయిదూ పన్నెండండి."

రాసుకుంది.